శనివారం అడిగిన ప్రశ్న గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో స్పోర్ట్స్ డే గురించి రాద్దామనుకున్నాను. కానీ శనివారం సాయంత్రం నుంచి మన వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న, మన పాప ఒకరు అతిథిని ప్రశ్న అడిగిన ఆ పద్నాలుగు సెకన్ల వీడియో తప్ప మీకు ఇంకో మాట లేదు. గేటు దగ్గర అదే, ఆటో స్టాండు దగ్గర అదే, నిన్న మా వీధిలో కూరగాయల బండి దగ్గర కూడా అదే అడిగారు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను.

ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు కాకతీయుల కాలం మీద ఒక వీడియో చూపించి, ఆ తర్వాత ఉపన్యాసం పెడుతున్నాం. ఈసారి బయటి నుంచి ఒక పెద్దమనిషిని పిలిచాం. రామప్ప గుడి గురించి చక్కగా మాట్లాడారు. మాటల మధ్యలో, గుడి చెక్కిన రామప్ప పేరు అక్కడి శాసనంలోనే ఉందని అన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు లేచి నిలబడి, "సార్, ఏ వైపు ఉందండి? నేను చదివినదాంట్లో కనబడలేదు" అని అడిగింది. పాప చేతిలో శాసనం తాత్పర్యం జిరాక్స్ ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగి, "చూసి చెప్తానమ్మా" అన్నారు. అంతే జరిగింది. ఆయన అలిగి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారన్నది అబద్ధం. రెండు కప్పులు తాగారు, నేనే పోశాను.

గ్రూపులో మాత్రం "పెద్దలకు ఎదురు చెప్పడం నేర్పుతున్నారా", "ఫీజులు కట్టేది ఇందుకేనా" అని రాత్రి పదకొండు దాకా మెసేజ్‌లు వచ్చాయి. ఆ పాప తల్లి సోమవారం ఉదయం నా గదికి వచ్చి, "మేడమ్, మా పాపతో సారీ చెప్పించమంటారా" అని అడిగింది. వద్దన్నాను. ఆ పాప "సార్" అంది, "అండి" అంది, చెయ్యెత్తి వంతు వచ్చేదాకా ఆగింది. అదే హాల్లో వెనక వరసలో కొందరు పెద్దలు ఫోన్ మాట్లాడుతూనే ఉన్నారు. వారికి నేనేమీ అనలేదు.

ఇక అసలు విషయం. రామప్ప గుడి ఉన్న ఊరు పాలంపేట. ఆ పాలంపేట శాసనం గుడి ఆవరణలోనే ఉంది, నాలుగు పలకల రాతి స్తంభం, భాష సంస్కృతం. శక సంవత్సరం 1135, అంటే 1213. కట్టించిన సేనాపతి రేచర్ల రుద్రుడి పేరుంది, ఆయన ఏలిక గణపతిదేవుడి పేరుంది, దేవుడి పేరు రుద్రేశ్వరుడని ఉంది. శిల్పి పేరు లేదు. ఆదివారమంతా కూర్చుని నేనూ మళ్ళీ చదివాను. రామప్ప అనే శిల్పి లేడని పాప అనలేదు, నేనూ అనను. ఆ పేరు జనం నోటి మీదుగా మన దాకా వచ్చింది, దాని విలువ దానికుంది. కానీ జనం చెప్పుకున్నది వేరు, రాతి మీద చెక్కింది వేరు. ఈ తేడా పదమూడేళ్ళ పిల్లకు తెలిసినందుకు నాకు రెండు రోజులుగా కడుపు నిండినట్టుంది.

ఈ శనివారాల మీద నాకు పక్షపాతం ఉందని స్టాఫ్‌రూమ్‌లో అంటుంటారు. ఉంది మరి. మన సోషల్ టీచర్ సెలవు రోజుల్లో సొంత ఖర్చుతో వెళ్ళి, తన ఫోన్‌తో తీసుకొచ్చిన వీడియోలవి. అదరగొట్టే మ్యూజిక్ ఉండదు, అరిచే గొంతు ఉండదు. కెమెరా ఒక్క శిల్పం దగ్గర రెండు నిమిషాలు కదలకుండా నిలబడుతుంది. మొదటి వారం పిల్లలకు విసుగొచ్చింది. మూడో వారం ఒక ఆరో తరగతి బుడతడు "ఆపండి మేడమ్, ఆపండి, కాళ్ళ లెక్క తప్పింది!" అని కేకేశాడు. నిజమే. తెర మీద నాట్యం చేస్తున్నది ముగ్గురు, కాళ్ళు మాత్రం నాలుగే. మధ్యలో ఉన్నావిడ కాలే పక్కావిడకూ సరిపోయేలా చెక్కారు. పిల్లలు ముందుకొచ్చి, అరచేత్తో తెర మీద ఒక్కొక్కరినీ మూసి చూశారు. ఎవరిని మూసినా మిగతావాళ్ళకు కాళ్ళు సరిపోతున్నాయి! బెల్ కొట్టినా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాతి వారం గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళి గురించి చెప్పాం. ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి గోడల మీది భంగిమలనూ పక్కపక్కన పెట్టుకుని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి అనే వీరనాట్యాన్ని మళ్ళీ రంగం మీదికి ఎలా తెచ్చారో విని, నలుగురు మగపిల్లలు కారిడార్‌లో కాళ్ళు దబదబా కొట్టడం మొదలుపెట్టారు. కింద ఒకటో తరగతి టీచర్ ఫిర్యాదు చేశారు. నేను విననట్టు ఊరుకున్నాను.

సముద్రపు ఒడ్డున పాత ఓడరేవు మోటుపల్లిలోని శాసనం గురించి చెప్పిన రోజు సంగతి కూడా చెప్పాలి. తుఫానులో ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవారట. 1244లో గణపతిదేవుడు అది మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని వర్తకులకు అభయం ఇచ్చాడు. తొమ్మిదో తరగతి అబ్బాయి, వాళ్ళ నాన్న లారీ నడుపుతారు, లేచి ఏమన్నాడో తెలుసా? "లారీ బోల్తా పడితే జనం వచ్చి సరుకు ఏరుకుపోతారు మేడమ్. ఇలాంటి శాసనం హైవే మీద కూడా పెట్టాలి." వాడికి సోషల్‌లో ఇరవైకి తొమ్మిది వచ్చాయి. ఆ మార్కులను నేనిక నమ్మను.

ఇప్పుడు ఒక చిన్న మనవి, నొచ్చుకోకండి. గ్రూపులో మీరు ఫార్వర్డ్ చేసే చరిత్ర వీడియోలు పిల్లలు పరీక్షల్లో రాస్తున్నారు. రుద్రమదేవి గణపతిదేవుడి భార్య అని ఏడుగురు రాశారు. ఆమె ఆయన కూతురు. పాపం, ఈ తప్పు మార్కో పోలో కూడా రాశాడు, కాని ఆయన పరాయి దేశం మనిషి, మనం ఓరుగల్లు పక్కనే ఉన్నాం. పంపేముందు ఒక్కసారి పిల్లల్నే అడగండి, వాళ్ళే చెప్తారు. అలాగే ప్రాజెక్టు వర్క్ కోసం వేయిస్తంభాల గుడి థర్మోకోల్ నమూనాలు పదకొండు వచ్చాయి, తొమ్మిదింటి మీద ఒకే షాపు స్టిక్కర్ ఉంది. అట్టపెట్టెతో వంకరగా చేసినవి రెండే, మార్కులు వాటికే వేశాం. రాత్రి పన్నెండు దాకా షార్ట్స్ చూసి, మధ్యాహ్నం హాల్లో లైటు తీయగానే నిద్రపోతున్న పిల్లల పేర్లు నా దగ్గర ఉన్నాయి. ఫోన్ దాచేశామని మీరు చెప్తున్నారు, ఎక్కడ దాచారో వాళ్ళు నాకు చెప్తున్నారు.

మిగతావి: రెండో టర్మ్ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టాలి. మూడో నంబరు బస్సు పది నిమిషాలు ముందు వస్తుంది. స్వెటర్ల మీద పేర్లు కుట్టించండి, ఆఫీసులో ఎవరూ అడగనివి పద్నాలుగు ఉన్నాయి. స్పోర్ట్స్ డే బాగా జరిగింది.

వచ్చే శనివారం ఎనిమిది, తొమ్మిది తరగతులను పాలంపేట తీసుకెళ్తున్నాం. పులిహోర, నీళ్ళ సీసా చాలు, చిప్స్ ప్యాకెట్లు వద్దు. శాసనం ముందు నిలబడి చదివి వినిపించే పని ఆ ఎనిమిదో తరగతి పాపకే అప్పగించాం. మొన్నటి పెద్దమనిషిని కూడా రమ్మని అడిగాను, వస్తానన్నారు. అనుమతి స్లిప్ మీద దయచేసి మీరే సంతకం పెట్టండి. పోయినసారి ముగ్గురు నాన్నల చేతిరాత ఒకేలా ఉంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు