శనివారం తరగతికి ముందు కొత్త ల్యాప్‌టాప్ సిద్ధం చేసుకోండి

మిత్రులందరికీ నమస్కారం.

మన పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) తరగతి ఈ శనివారం ఉదయం 10 గంటలకు మొదలవుతుంది కనుక, విండోస్ ల్యాప్‌టాప్ కొత్తగా కొన్నవారందరూ శుక్రవారం రాత్రిలోగా ఈ కింది పనులు పూర్తి చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా పైథాన్ అధికారిక సైటు నుంచి 64 బిట్ విండోస్ ఇన్‌స్టాలర్‌ను దించుకోండి. అది తెరుచుకోగానే మొదటి తెరలో అడుగున, పైథాన్‌ను ‘పాత్’కు (విండోస్ ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితాకు) చేర్చమంటారా అని అడిగే చిన్న గడి ఖాళీగా కనిపిస్తుంది, అందులో టిక్కు పెట్టిన తరువాతే ముందుకు వెళ్లండి. నేను మొదటిసారి ఆ గడిని గమనించకపోవడం వల్ల, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ‘పైథాన్’ అని కొట్టినప్పుడల్లా అది కనబడలేదన్న సందేశమే వచ్చి, ఒక సాయంత్రమంతా వృథా అయింది.

తరువాత కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్, అందులో పైథాన్ ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యం), ఆపైన కోడ్‌లో మార్పులను నమోదు చేసి ఉంచే గిట్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఇవన్నీ ఉచితమే. గిట్‌కు మీ పేరు, ఈమెయిల్ ముందే చెప్పి ఉంచకపోతే మొదటి కమిట్ (మార్పులను గిట్‌లో నమోదు చేయడం) దగ్గరే ఆగిపోతుంది.

ప్రాజెక్టుల కోసం సీ డ్రైవులో ‘కోడ్’ అనే ఫోల్డరు చేసుకోండి. పేరులో ఖాళీలు వద్దు. దానిని వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నిల్వలో) మాత్రం పెట్టకండి, ఎందుకంటే ప్రతి ప్రాజెక్టుకూ మనం విడిగా తయారుచేసే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఆ ప్రాజెక్టుకు కావలసిన పైథాన్ లైబ్రరీలు ఉండే ఫోల్డరులో) చిన్న ఫైళ్లు కుప్పలుగా ఉంటాయి, అవన్నీ క్లౌడ్‌కు ఎక్కుతూ పనిని నెమ్మదింపజేస్తాయి.

చివరగా టెర్మినల్‌లో పైథాన్ వెర్షన్ అడిగి, వచ్చిన సంఖ్య స్క్రీన్‌షాట్‌ను ఈ గ్రూపులో పెట్టండి. ఎక్కడైనా ఆగిపోయినవారు శనివారం 9:30కే రండి, కలిసి సరిచేద్దాం. ఛార్జర్ మరవకండి.