మామయ్య కంప్యూటర్‌ని, ఆయన రాతల్ని కాపాడిన అన్నయ్యకి, సాయపడిన అందరికీ

ముందుగా హన్మకొండ అన్నయ్యకి మా ఇంటిల్లిపాది తరఫున దండాలు. పేరు రాస్తానంటే వద్దమ్మా, ఫోన్లు ఎక్కువైపోతే ఉద్యోగం చేసుకోలేను అన్నారు, అందుకే రాయడం లేదు. చేసిన సాయం గురించి మాత్రం రాయకుండా ఉండలేను. ఆయన కంప్యూటర్ బాగుచేసి ఊరుకోలేదు, దొంగ యాంటీవైరస్‌ని, అంటే లేని వైరస్‌లు ఉన్నాయని భయపెట్టి డబ్బు గుంజే ప్రోగ్రామ్‌ని, ఎలా గుర్తుపట్టాలో డెబ్భై దాటిన మా మామయ్యకి పక్కన కూర్చుని చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. అది ఇంకో నలుగురికి ఉపయోగపడాలని వివరంగా రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

మామయ్య రిటైరైన తెలుగు మాస్టారు. రాజమండ్రిలో మా దగ్గరే ఉంటారు. కొన్నేళ్లుగా వాళ్ళ ఊరి చరిత్ర రాస్తున్నారు. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నవి, పాత దస్తావేజుల స్కాన్లు, గుడి శాసనం ఫోటోలు, అను ఫాంట్లలో టైప్ చేసిన పేజ్‌మేకర్ ఫైళ్ళు, అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే. ప్రింటర్ డ్రైవర్ కోసం వెతికినప్పుడు, అచ్చం కంపెనీ పేజీలా కనిపించే ఇంకేదో పేజీ నుంచి డ్రైవర్‌తో పాటు వేరే ప్రోగ్రామ్ కూడా ఎక్కేసింది. అప్పట్నుంచి కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు స్క్రీన్ నిండా ఎర్ర కిటికీ, స్కాన్ జరుగుతున్నట్టు గీత, వందల్లో వైరస్‌లు ఉన్నాయని జాబితా, ఈరోజే డబ్బు కట్టకపోతే ఫైళ్ళన్నీ పోతాయని బెదిరింపు. అది చాలదన్నట్టు కింద కుడి మూలన నిమిషానికోసారి మీ యాంటీవైరస్ గడువు అయిపోయింది అంటూ పేరున్న కంపెనీ బొమ్మతో నోటిఫికేషన్లు, ఫోన్ చేయమని ఒక నంబరు. మామయ్యకి ఆ టెన్షన్‌తో అన్నం సహించలేదు. దగ్గర్లోని షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టేయాలి, డేటాకి గ్యారంటీ లేదన్నారు. అప్పుడే మా పిన్ని కొడుకు, వదినా ఆ నంబర్‌కి మాత్రం ఫోన్ చేయకండి, ముందు మా సీనియర్‌తో మాట్లాడండి అని అన్నయ్యకి కలిపాడు. వాడికీ థాంక్స్, ఆ ఒక్క మాట సమయానికి చెప్పాడు.

అన్నయ్య ఫోన్ ఎత్తగానే సమస్య ఏంటని కూడా పూర్తిగా వినకుండా, ముందు నెట్ తీసేయమ్మా అన్నారు. రౌటర్ వైరు పీకేశాం. తర్వాత, ఎవరైనా కార్డు నంబర్ ఎక్కడైనా కొట్టారా అని అడిగారు. మామయ్య మెల్లగా, నంబరు కొట్టాను బాబూ, ఓటీపీ మాత్రం ఇవ్వలేదు అన్నారు. అన్నయ్య ఒక్క మాట తప్పు పట్టలేదు. సరే మాస్టారూ, వెంటనే బ్యాంకు యాప్‌లో కార్డు ఆపేద్దాం, విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగరు, అందుకే ఆగకూడదు అన్నారంతే. ఆ తీరుకే మామయ్య సగం కుదుటపడ్డారు. భయపడి ఉన్న మనిషిని ఇంకా చిన్నబుచ్చకుండా మాట్లాడటం అందరికీ రాదు. బ్యాంకు కస్టమర్ కేర్‌లో మాట్లాడిన అమ్మాయి కూడా ఎంతో మర్యాదగా కార్డు రద్దు చేసి కొత్తది పంపే ఏర్పాటు చేసింది, ఆమెకీ కృతజ్ఞతలు. డబ్బులేమీ పోలేదు. పోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ అని అన్నయ్య చెప్పారు.

నేను ఎనీడెస్క్ (దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) పెట్టమంటారా అని అడిగితే వద్దన్నారు. నెట్ ఆపేశాం కదా, పైగా ఎవరో తెలియని మనిషిని కంప్యూటర్‌లోకి రానివ్వడం మాస్టారుకి అలవాటు కాకూడదు, అందులో నేనూ ఒకణ్ణే, మీ చేతులతోనే చేయిద్దాం అన్నారు. నా ఫోన్ కెమెరా స్క్రీన్ వైపు పెట్టి వీడియో కాల్‌లోనే అంతా నడిపించారు. ఈ మాటకి నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

గుర్తుపట్టడం గురించి ఆయన చెప్పినవి నాకు అర్థమైనట్టు రాస్తాను. మొదటిది, మూలన వచ్చే నోటిఫికేషన్‌లో సన్నటి అక్షరాలతో ఏదో సైటు పేరు, బ్రౌజర్ పేరు ఉంటాయి. మావాటిలో క్రోమ్ అని స్పష్టంగా ఉంది, మేమెవరం అటు చూడనే లేదు. అంటే ఆ హెచ్చరిక యాంటీవైరస్ పంపింది కాదు, ఎప్పుడో ఏదో పేజీలో మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి అంటే నొక్కిన ఫలితం. రెండోది, మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. వైరస్ హెచ్చరికలో ఫోన్ నంబర్ కనిపించిందంటే ఇంక చదవక్కర్లేదు, అది మోసమే. మూడోది స్కాన్ వేగం. డిస్కులో లక్షల ఫైళ్ళుంటే అరనిమిషంలో పూర్తిగా వెతికేయడం కుదరని పని. వెబ్ పేజీలో కనిపించే స్కాన్ అయితే అసలు స్కానే కాదు, కదిలే బొమ్మ. అందుకే కొన్నిసార్లు ఫోన్లో చూసినా సీ డ్రైవ్‌లో వైరస్ ఉందంటుంది, ఫోన్లో సీ డ్రైవ్ ఎక్కడుంది? ఇన్‌స్టాల్ అయిన రకం ఇంకా తెలివిగా ఉంటుంది, బ్రౌజర్ కుకీలని (సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచే చిన్న ఫైళ్ళు), టెంపరరీ ఫైళ్ళని, విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలోని ఖాళీ ఎంట్రీలని లెక్కేసి వందల ప్రమాదాలు అని చూపిస్తుంది. మా జాబితా తెరిచి ఒక్కొక్కటీ చదివించారు, దాదాపు అన్నీ కుకీలే. మామయ్య ఆ జాబితాని స్వయంగా చదివాకే నమ్మారు, ఊరికే చెప్తే నమ్మేవారు కాదు.

ఇంకొకటి కూడా చాలా పనికొచ్చింది. విండోస్ సెక్యూరిటీలో సెట్టింగ్స్ కింద మేనేజ్ ప్రొవైడర్స్ అని ఉంటుంది, ప్రస్తుతం మన కంప్యూటర్‌కి కాపలా ఎవరో అక్కడ రాసి ఉంటుంది. నిజమైన యాంటీవైరస్ అయితే మామూలుగా అక్కడ నమోదై ఉంటుంది. మా ఎర్ర కిటికీవాడి పేరు అక్కడ లేనే లేదు, విండోస్‌తో వచ్చిన డిఫెండర్ మాత్రమే ఉంది. ప్రోగ్రామ్ ఎవరు తయారుచేశారో చెప్పే డిజిటల్ సంతకం ఉంది కదా అని నమ్మేయొద్దని కూడా అన్నారు, ఇలాంటివాళ్ళు సంతకాలూ సంపాదిస్తారట.

మామయ్య, ఇది కొత్తగా వచ్చిన మోసమా బాబూ అని అడిగితే అన్నయ్య పాత సంగతులు చెప్పారు. 2008, 2009 ప్రాంతంలో ఆయన హన్మకొండలో ఒక నెట్ సెంటర్ చూసుకునేవారట. అప్పుడు ఎక్స్‌పీ యాంటీవైరస్, యాంటీవైరస్ 2009 లాంటి పేర్లతో వచ్చిన దొంగ ప్రోగ్రామ్‌లు వాళ్ళ దగ్గర ప్రతి సిస్టమ్‌లోనూ ఉండేవట. విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ అమ్మిన ఇన్నోవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో కోర్టుకెళ్ళింది, పది లక్షల మందికి పైగా ఆ సరుకు కొని మోసపోయారని ఆరోపించింది. 2012లో కోర్టు 16.3 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది. యాపిల్ కంప్యూటర్లకి ఇలాంటివి రావని అనుకునేవాళ్ళకి 2011లో మాక్ డిఫెండర్ అనే దొంగ ప్రోగ్రామ్ వచ్చి ఆ నమ్మకం పోగొట్టింది. ఆ రోజుల్లో దొంగ యాంటీవైరస్ ఏ ప్రోగ్రామ్ తెరవబోయినా ఆ ఫైలుకి వైరస్ ఉందని చెప్పి ఆపేసేది, దాన్ని చంపే ఆర్‌కిల్ అనే చిన్న టూల్‌ని కూడా. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్‌ని మాత్రం ఆపకుండా వదిలేసేది కాబట్టి అదే టూల్‌ని ఐఎక్స్‌ప్లోర్ అనే పేరుతో నడిపేవాళ్ళట. ఇది విని మామయ్య ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు పడ్డ గుంటలోనే నేనూ పడబోయానన్నమాట అన్నారు.

తీసేసిన విధానం చెప్తాను. ఆ కిటికీలో ఏదీ నొక్కొద్దు, పైన ఉన్న ఇంటూ గుర్తు కూడా బొమ్మ అయ్యుండొచ్చు, నొక్కితే ఇంకేదో దిగొచ్చు అన్నారు. ఆల్ట్ ఎఫ్4తో మూశాం. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్‌తో టాస్క్ మేనేజర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లని చూపించి ఆపనిచ్చేది) తెరవబోతే అది తెరుచుకుని వెంటనే మూసుకుపోయింది. దాంతో సేఫ్ మోడ్‌కి, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్‌కి వెళ్ళాం. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కడం, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్ళీ రీస్టార్ట్, అప్పుడు 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ ఎర్ర కిటికీ లేదు, ఆ నిశ్చింత ఏమని చెప్పను. ముందు మామయ్య ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌కి కాపీ చేయించారు, డాక్యుమెంట్లు, ఫోటోలు మాత్రమే, ఎగ్జ్ ఫైల్ (ప్రోగ్రామ్‌ని నడిపే ఫైల్) ఒక్కటీ వద్దని గట్టిగా చెప్పారు.

తర్వాత కంట్రోల్ ప్యానెల్లో ప్రోగ్రామ్‌లని ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం అమర్చి చూపించమన్నారు. డ్రైవర్ దిగిన రోజునే మేం ఎప్పుడూ వినని పేర్లు మూడు కనిపించాయి. ఎర్ర కిటికీ ఒకటి, కంప్యూటర్ వేగం పెంచుతానన్నది ఒకటి, బ్రౌజర్ సెర్చ్ మార్చేది ఇంకొకటి. తీసేస్తుంటే ఆ మొదటిది, నిజంగానే రక్షణ వదులుకుంటారా అంటూ పెద్ద పచ్చ బటన్‌తో ఉంచుకో, మూలన కనీకనపడని బూడిద అక్షరాలతో తీసేయి అని చూపించింది. అన్నయ్య ప్రతి అక్షరం చదివించి నొక్కించారు. నేనొక్కదాన్నే అయితే అక్కడితో అయిపోయిందనుకునేదాన్ని. ఆయన, పనులు వాటంతటవే జరిగేలా పెట్టే టాస్క్ షెడ్యూలర్ కూడా తెరిపించారు. అక్కడ రోజూ లాగిన్ అవగానే ఆ ప్రోగ్రామ్‌ని మళ్ళీ దించే పని ఒకటి దాక్కుని ఉంది. తీసేసినా రెండ్రోజుల్లో తిరిగొచ్చేసింది అని చాలామంది అనేది దీని వల్లేనట. దాన్ని, ప్రోగ్రామ్‌డేటాలో మిగిలిపోయిన దాని ఫోల్డర్‌ని తీసేశాం. బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రామ్) తీసేశాం. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్తే అనుమతి ఉన్న సైట్ల వరస కనిపించింది, అన్నీ బ్లాక్ చేసి, ఇకమీదట ఏ సైటూ అడగకుండా పెట్టాం. మూలన వచ్చే భయాలన్నీ ఆ ఒక్క చోట ఆగిపోయాయి.

ఇక నిజమైన స్కాన్లు. పక్కింటి అబ్బాయి తన లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ అనే ఉచిత టూల్ దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చాడు. పరీక్షలు పెట్టుకుని కూడా వచ్చాడు, చల్లగా ఉండు నాయనా. ఆ స్కానర్ దించిన పది రోజుల వరకే పనిచేస్తుంది, పాతది ఎవరో ఇస్తే వాడొద్దు, ఎప్పటికప్పుడు కొత్తగా దించుకోవాలట. అది నడిపాక మామూలు మోడ్‌లోకి వచ్చి, నెట్ పెట్టి, డిఫెండర్ అప్‌డేట్ చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాం. అది విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవాటికి తప్పించుకునే వీలు తక్కువ. ఆ తర్వాత మాల్‌వేర్‌బైట్స్ అనే ఇంకో స్కానర్ ఉచిత వెర్షన్ కూడా ఒకసారి నడిపించారు, మిగిలిన ముక్కలు రెండు అదే పట్టింది. మన ప్రభుత్వం సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ తరఫున 2017 నుంచి నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయని చెప్పారు, నాకు ఇది అస్సలు తెలియదు. చివర్లో విండోస్ సెక్యూరిటీలో అనవసరపు యాప్‌లని అడ్డుకునే సెట్టింగ్ ఆన్ చేయించి, ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఈ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్లో మార్పించారు.

ఇదంతా రాత్రి ఆయన డ్యూటీ దిగి వచ్చాక. మధ్యలో వాళ్ళింట్లో భోజనానికి పిలుస్తుంటే వినపడుతూనే ఉంది, ఇదిగో వస్తున్నా అంటూనే స్కాన్ అయ్యేదాకా లైన్లోనే ఉన్నారు. వదిన గారూ, మిమ్మల్ని అంతసేపు ఎదురుచూసేలా చేసినందుకు క్షమించండి, మీ ఓర్పుకి కూడా మేం రుణపడి ఉన్నాం. ఎంతివ్వాలి అని మామయ్య అడిగితే అన్నయ్య, మాస్టారూ నాకు తెలుగు చెప్పిన మాస్టారికి నేనేమిచ్చాను అన్నారు. మామయ్య కాసేపు ఏం మాట్లాడలేకపోయారు.

ఒక్క ఫైలు పోలేదు. ఫార్మాట్ కొట్టాల్సిన పని రాలేదు, పేజ్‌మేకర్, ఫాంట్లు, అమరికలు అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఊరి చెరువుల అధ్యాయం దగ్గర ఆగిన టైపింగ్ మళ్ళీ మొదలైంది. ప్రింటర్ డ్రైవర్ ఈసారి కంపెనీ సొంత సైటు అడ్రస్ చేత్తో కొట్టి మామయ్యే దించుకున్నారు, మొదటి ప్రింటుగా అన్నయ్య చెప్పిన సంగతులన్నీ పెద్ద అక్షరాలతో రెండు కాపీలు తీశారు, ఒకటి మా గోడకి, ఒకటి ఎదురింటి రిటైర్డ్ తహశీల్దారు గారికి. ఎవరికైనా ఆ కాగితం కావాలంటే అడగండి, ఫోటో పంపిస్తాను.