మా తమ్ముడి ప్రాణం నిలబెట్టిన వాళ్ళందరికీ దండాలండి

ముందుగా అమలాపురం ఆసుపత్రిలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మగారికి. మేం తీసుకెళ్ళేసరికి మావాడికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, ఊపిరందక మాట రావట్లేదు, ఆవిడ చూస్తూనే తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఆక్సిజన్ పెట్టించి వాడు తేరుకునేదాకా మంచం దగ్గర్నించి కదల్లేదండి.

అంతకన్నా పెద్ద మేలు ఆవిడ అడిగిన ప్రశ్నలు. పెళ్ళిలో రొయ్యల వేపుడు బాగా తిన్నాడు, అదే పడలేదని మేమంతా అనుకున్నాం. ఎన్నింటికి తిన్నాడు, ఎన్నింటికి మొదలైంది అన్నారు. తొమ్మిదికి తిన్నాడు, ఒంటిగంట దాటాక దద్దుర్లు అన్నాం. రొయ్యలైతే మామూలుగా ఇంతసేపు ఆగదమ్మా, వేటమాంసం, అంటే మేకమాంసం తిన్నాడా అన్నారు. తిన్నాడు. ఎక్కడుంటాడు అంటే అమెరికాలో ఆర్కాన్సా అన్నాం, వెంటనే అక్కడ గోమార్లు, అదే పశువులకి పట్టి రక్తం తాగే పురుగులు, కరిచాయా అని అడిగారు! వాడు తలూపాడు, ఎండాకాలం అడవిలో నడకకెళ్తే కాళ్ళకి కరిచాయంట, ఆ దురద ఎంతకీ తగ్గలేదంట.

అక్కడ లోన్ స్టార్ అనే గోమారి ఉంటుందండి, ఆడదానికి వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కరిస్తే కొంతమంది ఒంట్లో ఆల్ఫా గాల్ అనే ఒక రకం చక్కెర మీద ఎలర్జీ పుడుతుంది, ఆ చక్కెరే మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాల్లోనూ ఉంటుంది, ఆ మాంసం తిన్న 2 నుంచి 6 గంటలకి రియాక్షన్ వస్తుంది, అంత లేటు కాబట్టి భోజనం మీద ఎవరికీ అనుమానం రాదు. అక్కడ ఇదివరకు మావాడికి అర్ధరాత్రి కడుపునొప్పి, విరేచనాలు వస్తే గ్యాస్ అని మందులిచ్చి పంపేశారంట. చేపల్లో, కోడిలో, గుడ్లలో అది ఉండదని డాక్టరమ్మగారు చెప్పాకే మా అమ్మ కుదుటపడింది.

నిద్రలోంచి లేచి లుంగీతోనే కారు తీసి కాలువగట్టు దారిలో అంత చీకట్లో తీసుకెళ్ళిన పక్కింటి బాబాయిగారికి, తెల్లారకుండా ఫోన్ చేసినా విసుక్కోకుండా ఏ కూరలో ఏమేశారో మొత్తం చెప్పిన వంటమేస్త్రి గారికి, కాప్సూల్ గొట్టం ఎక్కువగా జెలటిన్‌తో చేస్తారు, అది ఎక్కువగా పశువుల నుంచే వస్తుంది, ఇతనికి వద్దని బిళ్ళలు వెతికిచ్చిన మెడికల్ షాపు అన్నయ్యకి కూడా చాలా చాలా థాంక్స్ అండి.

అమెరికా వెళ్ళాక మావాడు ఈ ఎలర్జీ ఉందో లేదో చెప్పే ఆల్ఫా గాల్ ఐజీఈ రక్తపరీక్ష చేయించుకున్నాడు, పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు అవసరమైతే తనే పొడుచుకునే అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ ఎప్పుడూ దగ్గరే ఉంచుకుంటున్నాడు, నాటుకోడి, చేపల పులుసు హాయిగా తింటున్నాడు. 2010 నుంచి అమెరికాలో 4.5 లక్షల మంది దాకా దీని బారిన పడి ఉండొచ్చని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో అంచనా వేసింది, మన కోనసీమ పిల్లలు అక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు కదా, మాంసం తిన్న రాత్రి ఇలా అవుతుందంటే గోమారి సంగతి డాక్టరుకి తప్పక చెప్పమనండి.

డాక్టరమ్మగారూ, సంక్రాంతికి వాడొస్తున్నాడు, ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని అందరం మీ దగ్గరికి వస్తాం.