పశువుల పెంపకందార్ల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని ఎక్కువగా కొండ బంజరు, దాని కింద గెడ్డ (వాగు), ఆ గెడ్డ చేరే చెరువు చుట్టూనే తిరిగింది. గెడ్డ పక్కన ఉన్న మంచినీళ్ళ బావి వాసన వస్తోందని వేసవిలో మొదలైన గొడవ, కొండ మీదకి పశువులను తోలడమే ఆపించాలన్నదాకా వెళ్ళింది. సెంటు భూమి లేని గొర్రెల కాపరికి ఆ బంజరే పొలం. మేత ఆపేస్తే ఆ ఇళ్ళు జీవాలను అమ్ముకోవడం తప్ప దారి లేదు. అందుకే ముందు నీళ్ళు పరీక్ష చేయిద్దాం, తర్వాతే మాట్లాడదాం అని కమిటీ పట్టుబట్టింది.

జల్ జీవన్ మిషన్‌లో శిక్షణ తీసుకున్న మన ఊరి ఆడవాళ్ళే పరీక్షలు చేశారు. మలం కలిసిన నీటిని పరీక్ష మందు ఉన్న చిన్న సీసాలో పోసి వెచ్చగా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. పశువులు దిగే రేవుకి కింద పట్టిన నీళ్ళు రాత్రికి రాత్రే నల్లబడ్డాయి. ఎగువన పట్టినవి ఆలస్యంగా మారాయి. తాగే నీరు 100 మిల్లీలీటర్లలో, మలంతో వచ్చే ఈ-కోలి క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు కాబట్టి బావి నీళ్ళు కాచి తాగమని అదే రోజు దండోరా వేయించాం.

అయితే తప్పంతా పశువులదే అనడం న్యాయం కాదు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు పంట ఉన్న ఊళ్ళన్నింటికీ తెలిసిన సంగతే: నార కోసం కట్టలు చెరువులో ఊరబెడితే నీరు నల్లబడి, కుళ్ళు వాసన కొట్టి, చేపలు తేలిపోతాయి. ఆ మాట కూడా గ్రామసభలో గట్టిగానే చెప్పాం.

మన వంతుగా చేసింది నీళ్ళ చోటు మార్చడం. ఎండాకాలంలో ఆవు రోజుకి 40 నుంచి 60 లీటర్ల దాకా తాగుతుంది. తొట్టి దగ్గరైతే తాగి మేతకి పోతుంది, గెడ్డలోనైతే దిగి నిలబడి అక్కడే పేడ వేస్తుంది. పంచాయతీ వారిని అడిగి, ఉపాధి హామీ పనుల్లో గెడ్డకి దూరంగా, గట్టు మీద నీటి తొట్టి కట్టించాం. రేవుకి ముళ్ళకంప అడ్డం పెట్టాం. గేదెలు బురదలో పొర్లకుండా ఉండలేవు కనుక ఊరి దిగువన ఉన్న బందని (చిన్న చెరువుని) వాటికే వదిలాం. తొట్టి కడిగే వంతు ఇంటింటికీ పడింది. మొదటి నెలలో వంతులు తప్పాయి, పెద్దవాళ్ళు కూర్చుని సర్దారు. ఇప్పుడు సాఫీగా నడుస్తోంది.

మేత విషయం ఇంత తేలిగ్గా తేలలేదు. వరి కోతలు కాగానే పొలాల్లో మినుము, పెసర వేస్తారు, కాబట్టి మందలకి మడుల్లో చోటు ఉండదు. మంద మొత్తం కొండ మీదా చెరువు గర్భంలోనూ పడుతుంది. గడ్డి వేరుతో సహా పోతే తొలకరికి మట్టి కొట్టుకొచ్చి చెరువులో పూడుతుంది. అందుకని కొండని మూడు భాగాలు చేసి, జూన్ నుంచి గడ్డి విత్తు రాలేదాకా ఒక భాగంలోకి ఎవరూ తోలకూడదని తీర్మానం చేశాం. మూసిన భాగంలో స్టైలో అనే మేత మొక్క విత్తనం చల్లాం. మేకలున్నవాళ్ళకి ఇది కష్టమే, మేక చిగురు వెతుక్కుంటూ పోతుంది. వాళ్ళ ఇబ్బంది నిజం. వచ్చే ఏడాది పొద్దు వాలాక కంచె వెంట మేపుకోవడానికి వాళ్ళకి విడిగా చోటు చూపించాల్సి ఉంది.

వానలకి ముందు గొంతువాపు, గొర్రెలకి వచ్చే చిటుక రోగం టీకాలు వేయించాం. చెరువు అంచు నత్తల వల్ల వచ్చే కార్జపు జలగకి (కాలేయంలో చేరే పురుగుకి) మందు తాగించాం. జీవాలను ఆ అంచుల్లో మేపవద్దని మళ్ళీ చెబుతున్నాం.

బంజరు ఆక్రమణల మీద తహసీల్దార్‌కి అర్జీ ఇచ్చాం. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది, ఆ తీర్పు కాపీ కూడా జత చేశాం. సర్వే ఇంకా జరగలేదు.

గోగు ఊరబెట్టడానికి చెరువుకి బయట వేరే గుంట తవ్వించాలన్నది ఈసారి ముందుకు పెడుతున్న తీర్మానం. జమాఖర్చులు సభలో చదివి వినిపిస్తారు. గోగు రైతులు కూడా సభకి తప్పక రావాలి.

— కార్యదర్శి