బ్యాలెట్ చివరి పేజీలోని పన్ను

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికా ఎన్నికలంటే మన తెలుగు పత్రికల్లో అధ్యక్షుడెవరు, వీసాల సంగతేమిటి అన్న వార్తలే ఎక్కువ. నేను రాస్తున్నది అదే బ్యాలెట్‌లో చివర ఉండే ఒక ప్రశ్న గురించి. కాలిఫోర్నియాలో ఎన్నికలొచ్చాయంటే ఏదో ఒక ఊరు "పోలీసులకి, ఫైర్ సర్వీసుకి డబ్బు చాలడం లేదు, సేల్స్ ట్యాక్స్ కొంచెం పెంచుకోనిస్తారా?" అని ఓటర్లని అడుగుతూనే ఉంటుంది. పై పేజీలు నింపి దీన్ని ఖాళీగా వదిలేసేవాళ్లు మనలో ఉన్నారు. దయచేసి వదిలేయకండి. అలాగని చదవకుండా అవునని పెట్టేయడమూ మంచిది కాదు.

మేం ఉండే స్టాక్టన్ సంగతే చెబుతాను. దాదాపు 3 లక్షల జనాభా ఉన్న ఈ ఊరు 2012 జూన్ 28న దివాలా పిటిషన్ వేసింది. మరుసటి ఏడాది డెట్రాయిట్ ఆ పని చేసేదాకా అమెరికాలో దివాలా తీసిన అతి పెద్ద నగరం ఇదే. ఇళ్ల ధరలు పెరుగుతున్న రోజుల్లో చేసిన అప్పులు, రిటైరైన ఉద్యోగుల వైద్యానికి ఇచ్చిన హామీలు, ఆ వెంటనే ఇళ్ల మార్కెట్ కూలిపోవడం, అన్నీ కలిసి ముంచాయి. పోలీసు సిబ్బందిలో పాతిక శాతం దాకా, ఫైర్ సిబ్బందిలో 30 శాతం దాకా కోత పడింది. ఆ ఒక్క ఏడాదే ఊళ్లో 71 హత్యలు జరిగాయి. అంతకుముందు ఎప్పుడూ అన్ని జరగలేదు.

2013 నవంబరులో నగరపాలక కౌన్సిల్ ఓటర్ల ముందు రెండు ప్రతిపాదనలు పెట్టింది. మెజర్ ఎ: సేల్స్ ట్యాక్స్ డాలరుకు ముప్పావు సెంటు పెంచాలి, అంటే 8.25 శాతం నుంచి 9 శాతానికి. మెజర్ బి: అలా వచ్చే డబ్బులో 65 శాతం పోలీసింగ్‌కి, నేరాల నివారణకి, మిగతా 35 శాతం దివాలా నుంచి బయటపడటానికి, ఇతర సేవలకి వాడాలి. కొత్తగా 120 మంది పోలీసుల్ని తీసుకుంటామన్నారు. మెజర్ ఎ సుమారు 52 శాతం ఓట్లతో గట్టెక్కింది.

మనవాళ్లకి ఎవరూ చెప్పని విషయం ఇక్కడే ఉంది. 1996లో రాష్ట్రమంతటా ఓటర్లు ఆమోదించిన ప్రొపోజిషన్ 218 అనే నిబంధన ప్రకారం, కౌన్సిల్ పెట్టే పన్ను "ఈ పనికే వాడతాం" అని చట్టంలో రాసిన స్పెషల్ ట్యాక్స్ అయితే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. ఏ పనికైనా వాడుకోగల జనరల్ ట్యాక్స్ అయితే సగానికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. మెజర్ ఎ జనరల్ ట్యాక్స్. అందుకే 52 శాతంతో నెగ్గింది. మెజర్ బి సలహా మాత్రమే, దాన్ని పాటించి తీరాలని చట్టమేమీ లేదు. ప్రచారంలో కనిపించేది పోలీసు కారు, ఫైర్ ఇంజను. చట్టంలో ఉండేది నగర సాధారణ నిధి. ఇది మోసమని నేను అనను, దివాలా తీసిన ఊరికి వేరే దారి కూడా లేదు. 2015 ఫిబ్రవరిలో స్టాక్టన్ దివాలా నుంచి బయటపడిందంటే ఈ పన్ను ఆసరాతోనే. కానీ ఓటు వేసేవాడికి ఈ తేడా తెలిసి ఉండాలి కదా.

పోనీ స్పెషల్ ట్యాక్స్ అయితే నిశ్చింతగా ఉండొచ్చా అంటే అదీ లేదు. 2004లోనే స్టాక్టన్ ఓటర్లు మెజర్ డబ్ల్యూ కింద పోలీసు, ఫైర్ ఖర్చులకే అని పావు సెంటు పన్ను ఒప్పుకున్నారు. ఆ డబ్బు వస్తుండగానే, సాధారణ నిధి ఖాళీ అయి, అదే పోలీసుల్ని, అదే ఫైర్ సిబ్బందిని తగ్గించాల్సి వచ్చింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోకుండా, నగరం ఇప్పటికే పెడుతున్న ఖర్చు తగ్గించకూడదన్న షరతు కూడా రాతలో ఉందో లేదో చూడాలి.

ఇంకో మాట. పన్ను వసూలు మొదలైంది 2014 ఏప్రిల్‌లో. హత్యలు మాత్రం 2013లోనే 32కి తగ్గాయి. తుపాకులు పట్టిన కుర్రాళ్లని నేరుగా కలిసి మాట్లాడే సీజ్‌ఫైర్ కార్యక్రమం అప్పటికే మళ్లీ మొదలైంది. తర్వాత హింస నివారణ విభాగానికి ఈ పన్ను నుంచే డబ్బిచ్చారు. నా దృష్టిలో ఆ డబ్బులో అత్యంత సద్వినియోగమైన భాగం అదే. పోలీసుల సంఖ్య ఒక్కటే చూసి ఓటేయొద్దని అందుకే అంటున్నాను. పైగా శిక్షణ ఇచ్చి తయారుచేసిన పోలీసులు ఎక్కువ జీతమిచ్చే పక్క ఊళ్లకి వెళ్లిపోతుంటే, 120 అన్న అంకె కాగితం మీద ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

మన ఇంటి ఖర్చు మీద భారమెంత అంటారా? సోనా మసూరి బస్తా మీద, కందిపప్పు మీద, డాక్టరు రాసిన మందుల మీద కాలిఫోర్నియాలో సేల్స్ ట్యాక్స్ లేదు. బట్టలు, ఫర్నిచరు, బంగారు నగలు, హోటల్ భోజనం మీద ఉంది. కారు పక్క ఊళ్లో కొన్నా మన చిరునామా ప్రకారమే కట్టాలి. 40,000 డాలర్ల కారు మీద ముప్పావు సెంటు చొప్పున 300 డాలర్లు. సాఫ్ట్‌వేర్ జీతం వచ్చేవాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు. మా ఊరి గోడౌన్లలో, పొలాల్లో పనిచేసే కుటుంబాలు సంపాదించిందంతా ఖర్చుపెట్టేయాల్సినవాళ్లు, వాళ్ల ఆదాయంలో ఈ పన్ను వాటా ఎక్కువ. ఇది నన్ను బాధించే విషయమే. అయినా 911కి ఫోన్ చేస్తే ఎవరూ రాని పరిస్థితిలో ముందు దెబ్బతినేది కూడా ఆ పేటలే కాబట్టి, షరతులు సరిగ్గా ఉంటే నేను అవుననే ఓటేస్తాను.

షరతులు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఓటరు గైడ్‌లో సిటీ అటార్నీ రాసే నిష్పాక్షిక విశ్లేషణ ఒకటి ఉంటుంది, సాధారణంగా ఒక పేజీకి మించదు. జనరలా స్పెషలా, ఎన్నేళ్లు, గడువు పొడిగించే అధికారం కౌన్సిల్‌కి ఇచ్చారా, లెక్కలు చూసే పౌరుల కమిటీ ఉందా, ఇవన్నీ అందులో వెతకొచ్చు. గడువు రాయని పన్ను తనంతట తాను పోదు. 1993లో దక్షిణ కాలిఫోర్నియా కార్చిచ్చులు కళ్లముందున్నప్పుడు ప్రొపోజిషన్ 172 కింద ఒప్పుకున్న అర సెంటు ఈ రోజుకీ మన రసీదుల్లో ఉంది.

గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మనవాళ్లకి ఓటు లేదు, పన్ను మాత్రం ఉంది. వాళ్లకీ ఒక దారి ఉంది. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం కౌన్సిల్ సమావేశంలో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, పౌరసత్వం అడగరు. ప్రతిపాదన బ్యాలెట్‌కి వెళ్లకముందే, దాని రాత ఇంకా కౌన్సిల్ చేతిలో ఉన్నప్పుడే వెళ్లి, లెక్కల కమిటీ పెట్టమని, గడువు రాయమని అడగడం ఓటు కంటే ఎక్కువ పని చేయొచ్చు.

మీ పత్రికకి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఎన్నికలకి నెల ముందు, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఏయే పన్నులు ఓటుకొస్తున్నాయో, ఒక్కొక్కటి ఏ రకం పన్నో, ఎన్నేళ్లకో, తెలుగులో ఒక అరపేజీ వేయండి. మా అమ్మానాన్నల వయసువాళ్లలో పౌరసత్వం తీసుకుని కూడా ఇంగ్లిష్ గైడ్ చదవలేక ఆ పేజీ వదిలేసేవాళ్లు ఉన్నారు. ముందుగా వాళ్ల కోసం వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
స్టాక్టన్, కాలిఫోర్నియా