ఈసారి ప్రోగ్రెస్ రిపోర్టులో మార్కులు ఎందుకు లేవంటే

ప్రీ ప్రైమరీ పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

రిపోర్టులో మార్కులు లేవేంటి, ర్యాంకు వేయలేదేంటి అని చాలామంది ఆఫీసుకు ఫోన్ చేశారు. మర్చిపోలేదండీ, కావాలనే వేయలేదు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే పునాది దశగా చూస్తుంది. ఈ దశ కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక అయితే, ఇంత చిన్నపిల్లలకు పరీక్షలు ఏమాత్రం తగవని తేల్చి చెప్పింది.

మరి టీచర్లు ఏం చేస్తున్నట్టు? పిల్లల్ని చూస్తున్నారు, చూసింది తేదీ వేసి రాస్తున్నారు. దసరా సెలవుల ముందు ఎల్‌కేజీలో బతుకమ్మ పేర్చిన రోజు టీచర్ రాసుకున్న నోటు ఇది: "ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు పెడుతోంది. పక్కబాబు తంగేడు మీద తంగేడే పెట్టబోతే చెయ్యి పట్టుకుని, 'ఇప్పుడు తెల్లది రావాలె' అంది. వాడు అలిగితే తన పళ్లెంలోని గునుగు పూలు ఇచ్చింది." లెక్కల్లో మనం క్రమం అనేది ఇందులో ఉంది. మాట ఉంది, తోటివాడితో సర్దుకుపోవడమూ ఉంది. ఏ స్లిప్ టెస్టు పెడితే ఇవన్నీ బయటపడతాయి?

ఒక్క నిబంధన మాత్రం గట్టిగా పెట్టాను. కంటికి కనిపించింది, చెవికి వినిపించిందే రాయాలి. "మొండివాడు" అని రాస్తే కొట్టేయిస్తాను. "బ్లాకులు సర్దమంటే రెండుసార్లు కదల్లేదు, టవర్ పూర్తయ్యాక తనే తెచ్చి డబ్బాలో వేశాడు" అని రాస్తే ఆ బాబు సంగతి అర్థమవుతుంది. అదీ ఒక్కరోజు చూసి కాదు. జలుబు చేసినరోజు ఏ పిల్లాడైనా డల్‌గానే ఉంటాడు కదా.

భాష దగ్గర మీ సాయం కావాలి. మన హైదరాబాద్ పిల్లలకు ఇంట్లో తెలుగో ఉర్దూనో, వీధిలో హిందీ, క్లాసులో ఇంగ్లీషు. మా దగ్గర నోరు విప్పని పాప ఇంటికెళ్లి తాతయ్యను ప్రశ్నలతో చంపేస్తుండొచ్చు. అది తెలియకుండా "మాటలు తక్కువ" అని మేం రాయకూడదు.

పక్కింటి పిల్లతో పోల్చి టెన్షన్ పడొద్దు. నడకనే చూడండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు 8 నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవొచ్చు. అలాగని అన్నింటికీ "వాళ్ల నాన్నకూ మాటలు లేటుగానే వచ్చాయిలే" అని ఊరుకోవడమూ మంచిది కాదు. పేరు పెట్టి పిలిచినా పలకకపోతే, వచ్చిన మాటలు పోతే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది, అక్కడా చూస్తారు. మా నోటు డాక్టరు రిపోర్టు కాదు, కానీ డాక్టరుకు చూపిస్తే పనికొస్తుంది.

వచ్చే శనివారం పీటీఎం, అంటే తల్లిదండ్రులు, టీచర్ల మీటింగ్. మీ టైమ్ డైరీలో రాశాం. పగలంతా పిల్లల్ని చూసుకునేది నానమ్మో అమ్మమ్మో అయితే వాళ్లనూ తీసుకురండి, అసలు కబుర్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఈ వారంలో ఇంట్లో మీరు గమనించినవి రెండు మూడు రాసుకొస్తే ఫైల్లో పెడతాం. పక్కపిల్లల ఫైలు మాత్రం అడగొద్దు, చూపించం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు