మన పేర్లలో పీర్లు: ఈ ఏటి కార్యక్రమాల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

బెంగళూరులో మన ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర చాలలేదన్న ఫిర్యాదు తప్ప వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు పేర్ల పనికే ఇస్తున్నాను.

పోయిన సర్వసభ్య సమావేశంలో హాజరుపట్టీ చదువుతుంటే ఒక పెద్దాయన, "ఇది రాయలసీమ సంఘమా, దర్గా కమిటీనా?" అని నవ్వారు. కుళ్లాయప్ప, దస్తగిరి, హుస్సేనప్ప, ఫక్కీరప్ప, మస్తానమ్మ. వీళ్లలో చాలామంది పూజగదుల్లో ఉండేది వెంకటేశ్వరస్వామి పటమే. ఆ పేర్లు ఎలా వచ్చాయో ఇళ్లలోని పెద్దవాళ్లను అడిగి రాసుకోవాలని కార్యవర్గం అప్పుడే అనుకుంది.

అడిగిన చోటల్లా దాదాపు ఒకటే కథ. పుట్టిన బిడ్డలు దక్కలేదు, మొక్కుకున్నారు, దక్కినవాడికి ఆ స్వామి పేరు పెట్టుకున్నారు. దస్తగిరి అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన అబ్దుల్ ఖాదర్ జీలానీకి భక్తులిచ్చిన బిరుదు అది. బాగ్దాదు ఏ దిక్కున ఉందో తెలియని మన అవ్వలు దాన్ని మనవళ్లకు పెట్టుకున్నారు. మస్తాన్ అంటే దైవచింతనలో మైమరచినవాడు. గుంటూరు, కసుమూరు దర్గాలకు మొక్కినవాళ్ల ఇళ్లలో ఈ పేరు ఎక్కువ. ఇక కుళ్లాయి అంటే టోపీ. కన్నడ రాజు కొలువుకు పోవడానికి కుల్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని శ్రీనాథుడు చాటువులో వాపోయింది దీని గురించే. ఆయనను అంత విసిగించిన టోపీ అనంతపురం జిల్లా గూగూడులో కొలువైన పీరుకు కుళ్లాయిస్వామి అనే పేరై కూర్చుంది.

ఒక సభ్యుడి పేరు దస్తగిరి, తండ్రి పేరు వెంకటరమణ. ఒక ఆఫీసు కౌంటర్‌లో మనిషి ఆయన కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, "ఇందులో తప్పు పడింది ఏది?" అన్నాడట. ఆయన నవ్వుతూనే చెప్పారు గానీ, కొడుక్కి మాత్రం వాళ్ల తాత పేరు పెట్టలేదు.

మొహరంలో నార్పల మండలం గూగూడుకు వెళ్లాం. క్యాలెండర్లో అచ్చయిన తేదీ చూసి బస్సు మాట్లాడింది నేనే. నెలవంక ఒక రోజు ఆలస్యంగా కనిపించింది, పండుగ వెనక్కి జరిగింది, మేం ముందురోజే దిగాం. తప్పు నాదే. అయితే జనం తక్కువగా ఉండటంతో అన్నీ దగ్గర్నుంచి చూడగలిగాం. ఒకావిడ కొంగున మూటగట్టి తెచ్చిన చక్కెర మీద పీర్ల దగ్గర ఫాతిహా చదివించుకుంది. అందులో చిటికెడు మనవడి నోట్లో వేసి, మిగిలింది తీసుకుని ఆంజనేయస్వామి గుడివైపు నడిచింది. రెండు మొక్కులా అని అడిగితే మా వైపు వింతగా చూసి, "ఒకటే కదప్పా" అంది. మర్నాడు ఉద్యోగాలున్నవాళ్లు తిరుగుముఖం పట్టారు. అగ్నిగుండం చూసింది మిగిలిన కొద్దిమందే.

రెండో యాత్ర బ్రహ్మంగారి మఠం ఉన్న కందిమల్లాయపల్లెకు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామికి ముఖ్య శిష్యుడు సిద్ధయ్య, దూదేకుల ముస్లిం ఇంటి బిడ్డ. బిడ్డ మతం మార్చారన్న ఫిర్యాదు మీద నవాబు పిలిపించి అడిగితే, సిద్ధయ్య ఒక బండకు సలాం చేశాడని, అది పగిలిపోయిందని అక్కడ చెప్తారు. బండ సంగతి ఎలా ఉన్నా, బ్రహ్మంగారి పక్కన సిద్ధయ్య లేని పటం నేనైతే చూడలేదు. అదే సాయంత్రం కడప పెద్ద దర్గాకు వెళ్లాం. దేవుని కడపకు చేరేసరికి గుడి తలుపులు వేసేశారు. అక్కడి వెంకటేశ్వరస్వామి భార్యగా చెప్పే బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అని ఉగాదినాడు అక్కడికి ముస్లింలు వస్తారు. ఒక ఉగాదిని మనమూ అక్కడే చేసుకుందామన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుంది.

సంఘం డబ్బుతో దర్గాలు తిరగడమేమిటని ఇద్దరు అడిగారు, మఠాలు తిరగడమేమిటని ఒకరు. ప్రయాణ ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు. సంఘం కొన్నది నోటుపుస్తకాలు మాత్రమే. లెక్కల పట్టిక విడిగా పంపాం.

ఈ పని రెండేళ్ల ముందే మొదలుపెట్టి ఉండాల్సింది. మేం వెళ్లేలోపే ఇద్దరు అవ్వలు పోయారు. వచ్చే మొహరం ఈ ఏటికన్నా సుమారు 11 రోజులు ముందొస్తుంది. ఈసారి గూగూడుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే బస్సు మాట్లాడతాం. పెద్దవాళ్ల పాత ఫోటోలు ఇచ్చినవాళ్లు కొందరు వెనక పేరు రాయలేదు. అవన్నీ నా దగ్గరే ఉన్నాయి, వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి